సుంకి ఘాట్‌కి ఏది మేలు: 2006 బొలెరోనా, 2017 ఆల్టో కే10నా?

(ఎవరి మాట వాళ్ళ ఊరి పేరుతో ఉంది.)

సిమిలిగూడ: ఇంట్లో ఐదుగురం. నెలకి నాలుగుసార్లు ఒడిశా వైపు నుంచి సుంకి ఘాట్ మీదుగా సాలూరు దిగి, సరుకుతో తిరిగి ఎక్కాలి. ఒకే ధరకి రెండు బళ్ళు చూశాం. ఓఆర్ 10 (కోరాపుట్, ఒడిశా) నంబరు బొలెరో, ఏపీ 35 (విజయనగరం) నంబరు ఆల్టో. ఏది తీసుకోమంటారు?

పాచిపెంట: బొలెరోయే తమ్ముడూ. 2523 సీసీ టర్బో డీజిలు, గట్టి ఛాసీ (బండి కింది ఇనుప చట్రం), వెనక బరువు మోసే కమాన్ పట్టీలు. బరువుతో ఎక్కేటప్పుడు ఇంజను అరవకుండానే లాగుతుంది. కే10కి ఉన్న 90 న్యూటన్ మీటర్ల టార్కు (లాగే బలం) 3500 ఆర్‌పీఎం దగ్గర గానీ రాదు. ఐదుగురు, మూటలు, ఏసీ అయితే మలుపులో ఫస్ట్ వెయ్యక తప్పదు. హాఫ్ క్లచ్ మీద నెట్టుకొస్తే ప్లేటు మాడుతుంది.

కోరాపుట్: అన్నయ్యా, మీరు ఎక్కడం గురించే చెప్పారు. ప్రాణం మీదకొచ్చేది దిగేటప్పుడు. ఆల్టో బరువు ముప్పావు టన్నే, బొలెరోది దానికి రెట్టింపు, అందుకే దిగేటప్పుడు దాని బ్రేకులు ఎక్కువ కాగుతాయి. పాత బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది. బ్రేకులు కాగితే ఆ నీరు ఆవిరై, పెడల్ మెత్తగా నేలకి దిగిపోతుంది. ఏ బండి కొన్నా మొదట బ్రేక్ ఆయిలు మొత్తం మార్చి, గొట్టాల్లో ఉన్న గాలి తీయించండి. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి.

రాయగడ: బొలెరో చూడటానికెళ్తే స్క్రూడ్రైవర్ పట్టుకెళ్ళండి. వెనక కమాన్ పట్టీలు వేలాడే బ్రాకెట్ల దగ్గర, బురద పేరుకునే చోట, ఛాసీని మొనతో గట్టిగా పొడవండి. ఠంగుమంటే సరే. పెచ్చులు రాలినా, మొన దిగినా వదిలెయ్యండి. అక్కడ కొత్తగా నల్లరంగు పూసుంటే ఇంకా గట్టిగా పొడవాలి. పొద్దున్నే వెళ్ళండి. బానెట్ అప్పటికే వెచ్చగా ఉంటే ముందే స్టార్ట్ చేశారన్నమాట. ఇంజను ఆడుతుండగా ఆయిల్ పోసే మూత తీయండి. సన్నటి ఆవిరి ఫర్వాలేదు, పొగ దడదడా తన్నుకొస్తే ఇంజను లోపలి పిస్టన్ రింగులు అరిగినట్టే.

జయపురం: కాగితాలు ఎవరూ చూడట్లేదు. 2006 బండి ఆర్సీకి (రిజిస్ట్రేషన్‌కి) 15 ఏళ్ళు 2021లోనే నిండాయి. ఐదేళ్ళ రెన్యువల్ చేయించి ఉంటే అదీ 2026తో సరి. 20 ఏళ్ళు దాటిన కారుకి రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టు నుంచి 10,000 రూపాయలు. 2022 జూన్ రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ప్రీమియం 1500 సీసీ దాటితే 7,897, వెయ్యి సీసీ లోపైతే 2,094. ఆల్టో 998 సీసీ. కాకపోతే దానికి విజయనగరం నుంచి ఫారం 28 ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, ఒడిశా రోడ్డు టాక్సు కట్టి, ఓడీ 10 నంబరు వేయించాలి. ఆ ఖర్చు ధరలో కోయమనండి.

పాచిపెంట: కాగితాల మాట ఒప్పుకుంటా. ఛాసీలో మొన దిగితే బొలెరో వద్దని నేనూ అంటా. కానీ ఆల్టో తీసుకుంటే ఐదుగురితో పాటు మూటలు ఎక్కించొద్దు, సరుకు వేరే బండిలో రావాలి. క్లచ్ కూడా చూడండి. ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేక్ బాగా లాగి, థర్డ్ గేరులో మెల్లగా క్లచ్ వదలండి. ఇంజను ఆగిపోతే ప్లేటు బాగుంది. ఆగకుండా ఆడుతూనే ఉంటే ఘాట్ ఎక్కకముందే కొత్త ప్లేటు వేయించాలి.