చలిగాలులు: నారుమడి, గొర్రెపిల్లలు, కోడిపిల్లల సంగతి (రైతుల చర్చ; రాసినోళ్లవి మారుపేర్లు, పక్కన ఊరు)

ఆయకట్టు (మిర్యాలగూడ)
యాసంగి వరి నారు రెండాకుల మీద ఉంది. చలి ముదిరినప్పటి నుంచి ఆకు కొసలు ఎర్రబారినై, ఎదుగుడు ఆగింది. పక్క మడోళ్లు యూరియా చల్లమంటున్నరు. చల్లాల్నా, వద్దా? గొర్లు, కోళ్ల ఫారాలు ఉన్నోళ్లు సుత చలికి ఏం చేస్తరో ఇక్కడ్నే రాయండి.

చల్కనేల (కల్వకుర్తి)
వద్దన్నా. చలికి వేరు సరిగ్గ పనిచెయ్యదు, చల్లిన నత్రజని మొక్క తీసుకోదు. చలి తగ్గినంక ఒక్కసారే లాగితే ఆకు మెత్తబడి అగ్గి తెగులుకు పిలిచి పీట వేసినట్టయితది. ముందు ఎరుపు ఎక్కడుందో చూడు. ఆకు కొస నుంచి కిందికి ఎండుకుంట వస్తే చలి దెబ్బ. లేత ఆకు మొదట్ల తెల్లబారి, ముదురాకు మీద తుప్పు రంగు మచ్చలుంటే జింకు లోపం. మా దిక్కు చలికాలంల సగం మడులకు రెండూ కలిసే ఉంటై. జింకు సల్ఫేట్ లీటరు నీళ్లకు 2 గ్రాములు, ఐదు రోజుల తేడాతో రెండుసార్లు కొట్టు. అదే ట్యాంకుల డీఏపీ (నత్రజని, భాస్వరం ఉన్న ఎరువు) నీళ్లు మాత్రం కలపకు. జింకు, భాస్వరం కలిస్తే కరగని తెట్టె అయితది. నాజిల్ మూసుకపోతది, మొక్కకు రెండూ దక్కవు.

విస్తరణ (నల్లగొండ)
పైన చెప్పింది సరైనదే. ఇంకా నారు పోయనివాళ్ల కోసం ఒక మాట. ఎకరం నాటుకు రెండు గుంటల నారుమడి లెక్క. దానికి నత్రజని 2 కిలోలు (దుక్కిలో ఒకటి, 12-14 రోజులకు ఇంకొకటి), పొటాష్ ఒక కిలో. భాస్వరం వానాకాలంలో ఒక కిలో చాలు, యాసంగిలో 2 కిలోలు వేయాలి. చల్లటి మట్టిలో భాస్వరం వేరుకు అందేది తక్కువ కాబట్టే ఆ రెట్టింపు. సంచి లెక్కలో చెప్పాలంటే డీఏపీ 4.35 కిలోలు. అందులోనే సుమారు 780 గ్రాముల నత్రజని వస్తుంది కాబట్టి దుక్కిలో పైన అర కిలో యూరియా కలిపితే సరిపోతుంది. చాలామంది డీఏపీలోని నత్రజనిని లెక్కలోకి తీసుకోకుండా రెండు కిలోల యూరియా అదనంగా వేస్తున్నారు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 1.7 కిలోలు.

మండె కట్టేటప్పుడు (నానిన విత్తనాన్ని మొలక కోసం బస్తాల్లో కప్పి ఉంచేటప్పుడు) కూడా చలి లెక్క వేరు. 24 గంటలు నానబెట్టడం మామూలే. మండెలో మాత్రం మామూలుగా ఒక రోజులో వచ్చే మొలకకు చలిలో రెండు రోజులు పట్టవచ్చు. బస్తాలను సిమెంటు గచ్చు మీద పెట్టవద్దు, కింద ఒక జానెడు గడ్డి వేసి పైన గోనె సంచులు, మళ్లీ గడ్డి కప్పండి. ఆరితే గోరువెచ్చటి నీళ్లు చిలకరించండి. పూటకోసారి చేయి లోపలికి పెట్టి చూడండి. నడిమి బస్తా చెయ్యి కాలేంత వేడెక్కితే గింజ ఉడికిపోతుంది, బయటి బస్తాతో మార్చాలి. తెల్లటి ముక్కు కనబడగానే అలకండి. మొలక పొడుగైతే అలికేటప్పుడు విరుగుతుంది.

బోరుబావి (దేవరకొండ)
మందులకన్న ముందు నీళ్లు మార్చుర్రి. రాత్రంత నిలిచిన నీళ్లు తెల్లారేసరికి చెయ్యి పెట్టలేనంత సల్లగుంటై, ఎండ వచ్చినా మడి వేడెక్కనియ్యవు. పొద్దుగాల వాటిని ఎళ్లగొట్టి కొత్తనీళ్లు పెట్టాలె. బోరు నీళ్లు భూమి లోపలి నుంచి వస్తై గనక చలికాలంల గూడ గోరువెచ్చగనే ఉంటై. పొద్దున మోటరు కాడ ఆవిరి లేస్తది చూడు, అదే గుర్తు. పొద్దుగూకే ముందు పలుచగ పెట్టినా లాభమే, మొక్క మొదలుకు రాత్రి కాపు ఉంటది.

ఆయకట్టు (మిర్యాలగూడ)
మాది సాగర్ ఎడమ కాలువ నీళ్లు అన్నా. బోరు లేదు.

బోరుబావి (దేవరకొండ)
అట్లయితే పొద్దుగాల తూము తెరవకు. కాలువ నీళ్లు రాత్రంత గాలికి పారి వస్తై, మడిల ఉన్న నీళ్ల లెక్కనే ఉంటై. ఉన్నది ఎళ్లగొట్టి మడి తడిగనే ఎండకు ఉంచు. పది, పదకొండు దాటినంక కొత్తనీళ్లు తీసుకో. జాగ ఉంటే మడి పైన చిన్న మడి ఒకటి ఒడ్డు కట్టి నాలుగు వేళ్ల లోతున నీళ్లు నింపు, ఎండకు కాగినంక అందులకెళ్లి నారుమడికి వదులు.

విస్తరణ (నల్లగొండ)
నీళ్ల మార్పిడితో పాటు రాత్రిపూట పట్టా కప్పితే తేడా కంటికి కనబడుతుంది. మడి 4 అడుగుల వెడల్పు ఉంటే ఆరున్నర అడుగుల వెదురు బద్దలు తీసుకుని రెండు కొసలూ అర్ధ అడుగు భూమిలోకి గుచ్చండి, నడుమ ఒకటిన్నర అడుగు ఎత్తు వస్తుంది. బద్దకు బద్దకు నాలుగడుగులు. తెల్ల పాలిథిన్ 7 అడుగుల పన్నా ఉండాలి, అంచులు బురదతో అదమాలి. మడికి మడికి అడుగు కాలువ వదిలితే రెండు గుంటల్లో మొత్తం 435 అడుగుల పొడవు వస్తుంది, పట్టా ఆ లెక్కన కొనండి. ఖర్చు అనుకుంటే ఖాళీ యూరియా సంచులు విప్పి కుట్టినా పని జరుగుతుంది.

ఎక్కువ నారు పాడయ్యేది పట్టా కప్పకపోవడం వల్ల కాదు, తియ్యడం మరచిపోవడం వల్ల. సాయంత్రం ఐదింటికి, మట్టిలో ఎండ వేడి ఉండగానే కప్పాలి. చీకటి పడ్డాక కప్పితే లోపల దాచేందుకు వేడే ఉండదు. పొద్దున ఎనిమిదింటికల్లా తీసేయాలి. పదకొండు దాకా ఉంచితే లోపల 40 డిగ్రీలు దాటి ఆకు ఉడుకుతుంది. పట్టా ఆకుకు తగలకూడదు. తగిలిన చోటే కొస మాడుతుంది.

చల్కనేల (కల్వకుర్తి)
టీవీల చెప్పే డిగ్రీలు చూసి కప్పాల్నా వద్దా అని ఆగొద్దు. ఆ థర్మామీటర్ గాలి ఆడే చెక్కపెట్టెల మనిషి ఛాతీ అంత ఎత్తున ఉంటది. మబ్బు లేక గాలి ఆగిన రాత్రి నేల మీద ఆకు అంతకన్న రెండు మూడు డిగ్రీలు సల్లగుంటది. వాతావరణ శాఖ లెక్కల మైదానాలకు చలిగాలి అంటే కనిష్ఠం 10 లేదా తక్కువ ఉండి, మామూలుకన్న 4.5 డిగ్రీలు పడిపోవాలె. నారు ఆగేందుకు అంతదాక రావాల్సిన పని లేదు, రాత్రిళ్లు 15 లోపల పడితేనే ఆగుతది. బంగాళాఖాతంల వాయుగుండం ఉన్నన్ని రోజులు మబ్బుకు రాత్రిళ్లు వెచ్చగుంటై. మబ్బు ఇరిగిన మర్నాటి రాత్రి చూసుకోవాలె. ఇంకోటి, మా చల్కనేల (ఇసుక కలిసిన ఎర్ర నేల) పొడిగుంటే వేడి పట్టదు. కూరగాయల మడికైనా సాయంత్రం పలుచగ తడి ఇస్తే రాత్రి కొంత కాపాడతది.

గొంగడి (అచ్చంపేట)
గొర్లకు చలికన్న గాలి, తడి చెడ్డయి. మంద కట్టినకాడ ఈశాన్యం దిక్కు నాలుగడుగుల ఎత్తు తడక కట్టుర్రి. తాటాకు, కంది కట్టె ఏదైనా సరే, సందులున్నదే మంచిది. పట్టా గోడలెక్క కడితే గాలి పైకెళ్లి దుమికి అవతల సుడి తిరుగుతది.

పుట్టిన పిల్లకు మొదటి పని తుడుసుడు. గోనె సంచితోని గట్టిగ రుద్దాలె, తల్లి నాకేదాక చూసుకుంట కూసోవద్దు. బొడ్డు టింక్చర్ అయోడిన్‌ల ముంచాలె. గంటలోపల ముర్రుపాలు పడాలె: కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు, అంటే రెండున్నర కిలోల పిల్లకు ఒక చాయ్ గ్లాసుకు కొంచెం ఎక్కువ. రోజు మొత్తంల అర లీటరు.

పిల్ల ఒంగి నిలబడి, నోట్ల వేలు పెడితే సల్లగ తగిలితే డిజిటల్ థర్మామీటర్ ముడ్డిల పెట్టి చూడుర్రి. 39, 40 మామూలు. 37 నుంచి 39 నడుమ ఉంటే తుడిసి, పాలు తాపి, గంప కింద పెట్టుర్రి. 37 లోపలుంటే పాలు తాపొద్దు. మింగే శక్తి ఉండదు, పాలు ఊపిరితిత్తులకు పోతై. అసుంటి పిల్లను ముందు వేడి చెయ్యాలె, బీరు సీసాల వేడి నీళ్లు పోసి బట్ట చుట్టి రెండు పక్కల పెట్టి. తల లేపినంకనే పాలు. పుట్టి ఐదారు గంటలు దాటిన పిల్లయితే ఒంట్ల చక్కెర అయిపోయి ఉంటది, ఉత్తగ వేడి చేస్తే ఫిట్స్ వచ్చి పోతది. గ్లూకోజ్ సూది ముందు పడాలె, డాక్టర్‌ను పిలువుర్రి.

ఊకపొట్టు (షాద్‌నగర్)
కోడిపిల్లలకు మొదటి వారం బ్రూడర్ (పిల్లలను వెచ్చగా ఉంచే బల్బుల గొడుగు) కింద 33 నుంచి 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి దాదాపు 3 డిగ్రీలు తగ్గించాలి. చలికాలంలో పిల్లలు దిగడానికి ఒక రోజు ముందే బ్రూడర్ వెలిగించాలి. గాలి వేడెక్కినా ఊక కింద గచ్చు చల్లగా ఉంటే పిల్ల కాళ్ల నుంచే చల్లబడుతుంది. ఊక మూడు అంగుళాలు. థర్మామీటర్ పిల్ల వీపు ఎత్తున వేలాడాలి, గోడ మీద కాదు. బల్బు కింద గుంపుగా చేరితే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి, ఒక్క మూలకే ఒత్తుకుంటే అటుపక్క ఎక్కడో గాలి దూరుతోంది.

రేకుల షెడ్డులో అసలు తంటా తెల్లవారుజామున. పరదాలు పైదాకా బిగిస్తే పిల్లల ఊపిరి తడి రేకు అడుగున చెమటలా పట్టి బొట్లు బొట్లుగా ఊకలో పడుతుంది. ఊక తడిస్తే అమ్మోనియా. మోకాళ్ల మీద కూర్చుని పిల్లల ఎత్తున వాసన చూడండి, కళ్లు మండితే పిల్లలకు అప్పటికే ఊపిరి ఇబ్బందే. పరదా కింది నుంచి పైకి లేవాలి, పైన అడుగు సందు రాత్రి కూడా వదలాలి. రేకుల మీద వరిగడ్డి పరిస్తే చెమట బాగా తగ్గుతుంది.

ఆయకట్టు (మిర్యాలగూడ)
కరెంటు పోతే బొగ్గుల కుంపటి పెట్టొచ్చా షెడ్డుల?

ఊకపొట్టు (షాద్‌నగర్)
పొగ గొట్టం బయటికి ఉన్న బుఖారీ (షెడ్డును వేడిచేసే మూసిన పొయ్యి) అయితేనే. బొగ్గు బయట పూర్తిగా ఎర్రబడినా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి వాసన లేదు, పొగ లేదు. ఇంట్లో పడుకునే గదిలో, బాత్‌రూంలో అసలే వద్దు. తలనొప్పి, వాంతి వస్తున్నట్టు ఉంటే కుంపటి కాదు, ముందు మనుషులు బయటికి రావాలి.

కాగు (జడ్చర్ల)
స్నానానికి రాడ్డు వాడేటోళ్లకు: 1500 వాట్ల రాడ్డు 20 లీటర్ల నీళ్లను 18 నుంచి 42 డిగ్రీలకు తెచ్చేందుకు 22 నిమిషాలు పడ్తది, అర యూనిట్ దాటుతది. 16 ఆంప్స్ సాకెట్‌లనే పెట్టాలె, మామూలు ఎక్స్‌టెన్షన్ వైరు కరుగుతది. ఇనుప బకెట్ వద్దు. వేడి చూసేటప్పుడు స్విచ్ ఆపుడు ఒక్కటే చాలదు, ప్లగ్గు పీకినంకనే చెయ్యి పెట్టాలె.

ఆయకట్టు (మిర్యాలగూడ)
పట్టా తెచ్చిన. ఒక్కటే అనుమానం, పొద్దుగాల ఎనిమిదింటికి పొలం పోలేని రోజు ఎట్ల?

విస్తరణ (నల్లగొండ)
ఆ రాత్రి రెండు కొసల దగ్గర పట్టాను బెత్తెడు ఎత్తి పుల్ల పెట్టి కప్పండి. కాపు కొంచెం తగ్గుతుంది, కానీ తొమ్మిదిన్నర దాకా ఆకు ఉడకదు. అంతకన్నా ఆలస్యమయ్యేటట్టుంటే ఆ రాత్రికి కప్పవద్దు. ఒక రాత్రి చలికి నారు ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. ఉడికిన నారు లేవదు.