కాంబి బాయిలర్: వేడి నీళ్లు నిమిషానికోసారి చల్లబడుతున్నాయి, ఎవరికైనా తెలుసా?

నమస్కారమండీ. మేం ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉంటున్నాం. మాది కాంబి బాయిలర్, అంటే గదుల హీటింగ్‌కీ కుళాయి వేడి నీళ్లకీ ఒకటే యంత్రం; కొని ఎనిమిదేళ్లయింది. మూడు వారాలుగా షవర్ తిప్పితే ముందు వేడిగా వస్తుంది, నిమిషంలో చల్లబడుతుంది, మళ్లీ ఉన్నట్టుండి కాలేంత వేడి. మొన్న పాపకు స్నానం చేయిస్తుంటే అలాగే అయింది, అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఇప్పుడు బకెట్‌లో పట్టి, చెయ్యి పెట్టి చూశాకే పోస్తున్నాం.

షవర్ ఒక్కటే అయితే దాని మిక్సర్ అనుకునేదాన్ని. వంటింటి కుళాయి పూర్తిగా తిప్పినా ఇదే తంతు. ప్రెషర్ 1.3 బార్ దగ్గర నిలకడగానే ఉంది. గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లు బాగానే వేడెక్కుతున్నాయి. నీళ్లు చల్లబడే ముందు మాత్రం లోపల కెటిల్ మరిగినట్టు శబ్దం.

వచ్చిన ఇంజనీర్ డైవర్టర్ వాల్వ్ (వేడిని రేడియేటర్లకో, కుళాయి నీళ్లకో మళ్లించేది) మార్చాలన్నారు. కానీ హీటింగ్ ఆపి వేడి నీళ్లు వదిలి చూశాను, రేడియేటర్లు చల్లగానే ఉన్నాయి. వాల్వ్ సరిగ్గా మూసుకోకపోతే అవి వెచ్చబడాలి కదా? ఇక్కడి నీళ్లలో సున్నం ఎక్కువ, కెటిల్ అడుగున తెల్లగా పేరుకుంటుంది. బాయిలర్ లోపల కుళాయి నీళ్లను వేడిచేసే ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోనూ అలాగే గార పట్టిందేమోనని నా అనుమానం.

ఇలా జరిగినవాళ్లు చెప్పండి: కడిగిస్తే సరిపోయిందా, మార్పించారా? టెంపరేచర్ సెన్సర్ పాడైనా ఇలాగే ఉంటుందా? బాయిలర్ మూత నేను విప్పను, గ్యాస్ సేఫ్ ఇంజనీర్‌నే (గ్యాస్ పనులకు ఇక్కడ అధికారికంగా నమోదైనవారు) పిలుస్తాను. ఏం పరీక్షించమని అడగాలో తెలిస్తే చాలు.