అప్‌డేట్: మా బాబు విరిగిన పన్ను సంగతి

మా ఎనిమిదేళ్ల బాబు మెట్ల మీద జారిపడి పై ముందుపన్ను మూల విరగ్గొట్టుకున్నాడని, దొరికిన ముక్కను ఏం చేయాలని పోయిన వారం అడిగాను కదా. పాలలో వేసి ఆ రోజే తీసుకెళ్లమన్న వారందరికీ దండాలు.

మా అత్తగారు "పాలపన్నే కదా, మళ్లీ వస్తుందిలే" అన్నారు. నేనూ సగం నమ్మాను. కానీ ఆ ముందుపళ్లు ఏడెనిమిదేళ్లకే ఊడి కొత్తవి వచ్చేస్తాయట. ఇది శాశ్వత దంతమే.

డాక్టరు ఎక్స్‌రే తీసి వేరు బాగుందన్నారు. పంటి పైపొర ఎనామెల్‌తో పాటు దాని లోపలి పొర డెంటిన్ కూడా విరగడంతో చల్లటి నీళ్లకు జివ్వుమంటోందట. నరం మాత్రం బయటపడలేదు. పెదవిలో ముక్కలేమైనా గుచ్చుకున్నాయేమోనని కూడా చూశారు (ఆ ఆలోచనే నాకు రాలేదు). ముక్క సరిగ్గా కుదరడంతో దాన్నే అతికించారు. అది దొరక్కపోతే పంటి రంగులో ఉండే కాంపోజిట్ అనే పదార్థంతో పూడ్చేవారట.

6–8 వారాల తర్వాత ఒకసారి, ఏడాది నిండాక మరోసారి చూపించాలి. ఈలోగా పన్ను బూడిదరంగుకు మారినా, చిగురు మీద పొక్కు లేచినా వెంటనే రమ్మన్నారు. ముందుపళ్లతో చెరకు, జామకాయ కొరకకూడదంటే వాడు అలిగాడు. ప్రస్తుతానికి జామకాయలు సన్నగా కోసి ఇస్తున్నాను.