«కోతి చేష్టలు» అని రాస్తే తప్పా?

తిరుపతి నుంచి:
మా మేనకోడలు డిగ్రీలో జువాలజీ. సైన్స్ డేకి ఒక శాస్త్రవేత్త పరిశోధనల గురించి తెలుగులో చార్టు రాయమన్నారట. ఆయన పనిలో కొంత ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ల మీద, కొంత ప్రైమేట్ల (కోతులు, చింపాంజీలు, మనుషులు ఉండే జీవుల గుంపు) మీద. పాప «కోతి చేష్టలపై పరిశోధన» అని రాసింది. లెక్చరర్ ఎర్రపెన్నుతో కొట్టేసి «వానర ప్రవర్తన» అని దిద్దారు. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు.

నా మాట చెప్తాను. చేష్ట అంటే కదలిక, చేసే పని, అంతే. కదలకుండా నిలబడిపోయినవాడిని నిశ్చేష్టుడయ్యాడు అంటాం. అక్కడ అల్లరి ఏముంది? «ప్రవర్తన» సంగతే వేరు. టీసీలో «ప్రవర్తన: బాగుంది» అని రాస్తారు చూడండి, ఆ మాటలోనే మంచీ చెడూ తీర్పు కూర్చుని ఉంది. అడవిలో నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాయన తీర్పు చెప్పడు, చేసింది చేసినట్టు రాసుకుంటాడు. అందుకే చేష్టే సరైన మాట అంటాను.

చంద్రగిరి నుంచి:
చేష్ట సరే అన్నా, కోతి దగ్గరే చిక్కు. చింపాంజీకి తోక లేదు, దాన్ని కోతి అనలేం. ప్రైమేట్లు అనే పేరు 1758లో, జీవులకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ పెట్టింది. లాటిన్‌లో మొదటివాళ్ళు, పై వరుసవాళ్ళు అని అర్థం. ఆ వరుసలో మనల్నీ కూర్చోబెట్టాడాయన. వానరం అన్నా ఇదే గొడవ. అన్నిటికంటే తమాషా మన శేషాచలం కొండల్లోనే ఉంది: దేవాంగపిల్లి. పేరుకి పిల్లి, రాత్రిపూట పురుగుల్ని వెతుక్కుంటూ కొమ్మల మీద మెల్లగా పాకుతుంది, జాతికి ప్రైమేట్. తమిళంలో తేవాంగు.

కుప్పం నుంచి:
మా ఊళ్ళో తెలుగోళ్ళకీ కన్నడం వాళ్ళకీ కోతి కోతే, తమిళం వాళ్ళకి కురంగు. కొండముచ్చుని మర్చిపోయారు. ముచ్చు అంటే దొంగ అనే అర్థమూ ఉంది. వింటే కొండ మీది దొంగ అన్నట్టుంది! ఇంతకంటే చేష్టలు రాసిన పేరు ఇంకేం కావాల?

పలమనేరు నుంచి (రిటైరైన తెలుగు పంతుల్ని):
కోతుల్ని కాసేపు వదలండి నాయనా. ఇన్‌ఫ్లుయెంజాని పాప ఏమని రాసింది? జలుబు, పడిశం అని మాత్రం రాయొద్దు. పడిశం పది రోగాల పెట్టు అన్నది నిజమే కానీ, మామూలు పడిశం తెచ్చే వైరస్‌లు వేరు. ఇన్‌ఫ్లుయెంజా ఇటలీ మాట, ప్రభావం అని అర్థం. నక్షత్రాల ప్రభావంతో జబ్బు వస్తుందని వాళ్ళు అనుకున్నారు, మనవాళ్ళు గాలి సోకింది అన్నట్టు. మనిషిలోని ఫ్లూ వైరస్‌ని పట్టుకున్నది 1933లో మరి.

ఇంకొకటి. వైరస్ అనే లాటిన్ మాటా, మన సంస్కృతం విషమూ ఒకే వేరునుంచి వచ్చినవి. పేపర్లో «విషజ్వరాలు» అని చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఆయుర్వేదంలో విషమజ్వరం అని ఉంది, అది విడిచి విడిచి వచ్చే జ్వరం. రెంటినీ కలపొద్దు.

తిరుపతి నుంచి:
అయ్యా, «ఫ్లూ వైరస్‌లు» అనే రాసింది. దాన్ని ఎవరూ కొట్టేయలేదు. కానీ ఫ్లూకీ కోతులకీ ఏం సంబంధం, ఒకే మనిషి రెండూ ఎందుకు పట్టుకున్నాడు అని పాప అడుగుతోంది.

చంద్రగిరి నుంచి:
ఆయన ఎందుకు పట్టుకున్నాడో ఆయన్నే అడగాలి. సంబంధం మాత్రం ఉంది. ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో తాయి అడవిలో చింపాంజీలు ఊపిరితిత్తుల జబ్బుతో చచ్చిపోతే, మనుషుల్లో తిరిగే వైరస్‌లే వాటిలో దొరికాయి. ఫ్లూ కాదు, దానిలాగే ఊపిరి దారిన సోకే వేరే వైరస్‌లు, మనకి పడిశంలా వచ్చిపోయేవి. ఇప్పుడు వాటిని చూడబోయేవాళ్ళు మాస్కు కట్టుకుని దూరంగా నిలబడాలి. మనమేమో మెట్లదారిలో తుమ్ముతూనే కోతి చేతికి అరటిపండు అందిస్తాం.

కుప్పం నుంచి:
జపాన్‌లో కోషిమా అనే దీవిలో ఇంకో కథ. 1953లో ఒక చిన్న ఆడకోతి, ఇసుక అంటిన గెనుసుగడ్డని నీళ్ళలో కడుక్కుని తినింది. తర్వాత దాని తోటివీ, వాళ్ళమ్మా మొదలుపెట్టాయి. ముసలి మగకోతులు మాత్రం నేర్చుకోలేదు. మా నాయన సెల్‌ఫోన్ ముందర కూర్చున్నట్టే! దీన్ని చేష్ట అంటే చిన్నబోతుందేమో పంతులుగారూ?

పలమనేరు నుంచి:
చిన్నబోదు. «నేర్చిన చేష్ట» అనండి.

తిరుపతి నుంచి:
«ఫ్లూ వైరస్‌లు, ప్రైమేట్ల చేష్టలు» అని పాప కొత్త చార్టు మొదలుపెట్టింది. లెక్చరర్ అడిగితే నిశ్చేష్ట సంగతి చెప్పమన్నాను. మూలన దేవాంగపిల్లి బొమ్మ వేస్తానంటోంది. మంచి ఫొటో ఎవరి దగ్గరన్నా ఉంటే పెట్టండి, కళ్ళు సరిగా కనపడాలంట.