కుండల తీరును ‘స్వీకరించారా’, అది వారికి ‘అబ్బిందా’?

చరిత్రపూర్వ సమాజాల్లోకి కొత్త కుండల తీరు ఎలా ప్రవేశించిందో చెప్పే వ్యాసాన్ని తెలుగు చేస్తూ, ఆ ప్రవేశాన్ని ‘స్వీకరణ’ అనవచ్చునా అని ఒక మిత్రులు నిన్న అడిగారు. ఎవరో సూచించిన ‘దత్తత’ బిడ్డకు, ఊరికి చెల్లుతుంది గాని కుండకు నప్పదు.

‘స్వీకరించు’లో ఎంచుకొని చేపట్టడం ఉంది. ‘అలవడు’లో ఎంపిక లేదు, వాడుక మాత్రమే ఉంది. ‘అబ్బు’ విద్యకు చెందిన మాట. ఈత అబ్బుతుంది, సంగీతం అబ్బుతుంది, చూసినంత మాత్రాన ఏదీ అబ్బదు. మూతి వంపును, పైన గీసిన గీతలను ఎక్కడో చూసి వచ్చి ఇంటి దగ్గర వేసుకోవచ్చు. మట్టిలో ఏమి కలిపారో, లోపల రాయి ఆనించి బయట చెక్కతో ఎలా తట్టారో పూర్తయిన కుండ అంత సులభంగా చెప్పదు కనుక, అది చేసేవారి పక్కన కూర్చొని నేర్చుకోవలసిన పని.

దక్షిణ భారత ఇనుప యుగపు సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు పాత్రలనే చూడండి. లోపలా, మూతి చుట్టూ నలుపు. వెలుపల కింది భాగం ఎరుపు. బోర్లించి కాల్చినప్పుడు గాలి తగలని చోట నల్లబడి, తగిలిన చోట ఎర్రబడుతుందని సాధారణంగా చెప్పే వివరణ. ఆ రెండు రంగులు నచ్చడం వేరు, ఆములో వాటిని రప్పించడం వేరు. కర్ణాటకలోని బ్రహ్మగిరిలో 1947లో తవ్వకాలు జరిపిన బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్, రాతిగొడ్డళ్ల కాలపు చేతికుండల తరువాత వచ్చిన మెగాలిథిక్ (పెద్ద రాళ్ల సమాధుల కాలపు) సారెకుండలను కొత్తవారి రాకతో ముడిపెట్టారు. అయితే రెండు రకాలూ కొంతమేర ఒకే పొరల్లో కలిసే దొరికాయి కనుక, పాతది పోయి కొత్తది వచ్చిందని ఒక్క క్రియతో తేల్చడం నాకు తొందరపాటుగానే తోస్తుంది.

ఐరోపాలోని గంట ఆకారపు బీకర్ పాత్రల సంగతి ఇంకా చిత్రమైనది. ఐబీరియాలోనూ (నేటి స్పెయిన్, పోర్చుగల్) మధ్య ఐరోపాలోనూ వాటిని వాడినవారి మధ్య జన్యుసంబంధం స్వల్పమేనని 2018లో వెలువడిన ప్రాచీన డి.ఎన్.ఎ. అధ్యయనం తేల్చింది, బ్రిటన్‌లో మాత్రం ఆ పాత్రల రాక తరువాత కొన్ని వందల ఏళ్లలో జన్యువారసత్వం దాదాపు 90 శాతం మారిపోయింది. మొదటి చోట ‘స్వీకరణ’ చక్కగా అతుకుతుంది. రెండవ చోట కుండతో పాటు కుండ చేసేవారే తరలివచ్చారు కాబట్టి అది వలస. రెంటినీ కలిపి ‘బీకర్ ప్రజలు’ అని రాసే మన అలవాటు ఈ తేడానే మింగేస్తుంది.

‘అబ్బు’ శీర్షికలో ఇమడదని మరొక మిత్రుల అభ్యంతరం. నిజమే. శీర్షికకు ‘కొత్త కుండల తీరు ఎలా అలవడింది’ అని పెట్టి, లోపల ఆకృతి గురించి రాసేచోట ‘స్వీకరించారు’, చేతిపని గురించి రాసేచోట ‘అబ్బింది’ అని వాడితే సరిపోతుంది.