2-8లో ఉన్న టీమ్ కోసం శనివారాలు ఇంకా పాడుచేసుకోవాలా?

నాలుగో_డౌన్:
మా యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఈ సీజన్‌లో 2-8, అంటే రెండు గెలిచి ఎనిమిది ఓడింది. సెప్టెంబర్‌లో స్టూడెంట్ సెక్షన్‌లో నిలబడటానికి చోటుండేది కాదు. పోయిన శనివారం మూడో క్వార్టర్ అయ్యేసరికి నా ముందు నాలుగు వరసలు ఖాళీ. అమెరికా వచ్చేదాకా ఈ ఆట గురించి నాకు ఓనమాలు తెలీవు. రూమ్మేట్ లాక్కెళ్తే వెళ్లాను. ఇప్పుడు వాడు హాయిగా మానేశాడు, నేను ఇరుక్కుపోయాను. ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి. మీ టీమ్ ఇలా మునిగిన ఏడాది మీరేం చేశారు?

సరస్సు_గట్టు:
2-8కే నీరసపడితే ఎలా తమ్ముడూ! నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ 1979 నుంచి 1982 దాకా వరసగా 34 మ్యాచ్‌లు ఓడింది. చివరికి నార్తర్న్ ఇల్లినాయ్‌ని ఓడించిన రోజు పిల్లలు గోల్‌పోస్టులు పీకేసి, మోసుకెళ్లి లేక్ మిషిగన్‌లో పడేశారు. అదే టీమ్ 1995లో తన లీగ్ బిగ్ టెన్ గెలిచి, సీజన్ తర్వాత జరిగే పెద్ద మ్యాచ్ రోజ్ బౌల్ ఆడింది. కాకపోతే మధ్యలో పదమూడేళ్లు పట్టింది, నీ మాస్టర్స్ అయ్యేలోపు అలాంటిది జరుగుతుందని మాత్రం అనుకోకు.

ఓపిక_లేదు:
మానెయ్ బ్రదర్. నవంబర్ చలిలో నాలుగు గంటలు కూర్చుని 40 పాయింట్ల తేడాతో ఓడటం చూడ్డానికి ఫీజు కట్టామా? ఫైనల్స్ దగ్గరికొస్తున్నాయి.

లెక్కల_పిచ్చి:
ఎంత తేడాతో ఓడుతున్నారో ముందు అది చెప్పండి. 2-8ల్లో చాలా రకాలున్నాయి. 2021లో నెబ్రాస్కా 3-9. ఆ తొమ్మిది ఓటముల్లో ఒక్కటి కూడా తొమ్మిది పాయింట్లు దాటలేదు. సీజన్ మొత్తం కూడితే వాళ్లు ఇచ్చిన పాయింట్ల కన్నా చేసినవే ఎక్కువ! చివర్లో ఒక ఫంబుల్ (బంతి చేజారడం), దూరంగా తన్నిన బంతిని (పంట్) అవతలివాళ్లు తిప్పికొట్టడం, మూడు పాయింట్ల కిక్ (ఫీల్డ్ గోల్) ఒకటి మిస్సవడం, అంతే, మ్యాచ్ పోయేది. వచ్చే ఏడు అదృష్టం తిరుగుతుందని నాలాంటి లెక్కల వాళ్లందరం గట్టిగా చెప్పాం. తిరగలేదు. 2022లో మూడు మ్యాచ్‌లు అవగానే కోచ్‌ని తీసేశారు, సీజన్ 4-8తో ముగిసింది. దగ్గర దగ్గరగా ఓడటం కూడా ఒక్కోసారి అలవాటైపోతుందేమో అని అప్పట్నుంచీ నా అనుమానం.

నాలుగో_డౌన్:
మావాళ్లు రెండు రకాలుగానూ ఓడుతున్నారు సార్. మొదట్లో మూడేసి పాయింట్లతో, ఇప్పుడు ముప్పయ్యేసి పాయింట్లతో.

క్లారినెట్_వాళ్లమ్మ:
మా అమ్మాయి మార్చింగ్ బ్యాండ్‌లో ఉందండీ. వాళ్లకి మానేసే వీలే లేదు, చివరి విజిల్ దాకా ఉండాల్సిందే. టచ్‌డౌన్ కొట్టినప్పుడు ఫైట్ సాంగ్, అదే టీమ్ పాట, వాయిస్తారు కదా, కిందటేడు ఒక మ్యాచ్‌లో మనవాళ్లు సున్నా. సగం ఆట వాయిద్యాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. చలికి ట్రంపెట్ మీటలు బిగుసుకుపోతాయట, పక్కపిల్లాడు వాటిని కోటు లోపల పెట్టుకుని వెచ్చబెట్టేవాడట. నాలుగో క్వార్టర్‌లో జనం లేచి వెళ్తుంటే వాళ్లే గట్టిగా అరుస్తారు. గొంతు పోయి ఇంటికొస్తుంది. ఎందుకమ్మా అంటే, మేం కూడా ఊరుకుంటే ఆ సౌండే ఉండదు కదా అంటుంది. నాకైతే ఇప్పటికీ ఆట రూల్స్ రావు, బ్యాండ్ కోసమే వెళ్తాను.

ఓపిక_లేదు:
బ్యాండ్ సంగతి వేరండీ, వాళ్లంటే గౌరవమే. నా కోపమంతా కోచ్ మీద. ఇంత ఓడినా ఎందుకు ఉంచుతారు?

ట్యూషన్_గది:
బైఅవుట్ వల్ల. కాంట్రాక్ట్ మధ్యలో పంపిస్తే మిగిలిన జీతం చాలావరకు ఇచ్చుకోవాలి. టెక్సస్ ఏ అండ్ ఎమ్ 2023లో కోచ్‌ని పంపడానికి 7.5 కోట్ల డాలర్లకు పైనే ఒప్పుకోవాల్సి వచ్చింది. అది ఓడిపోతున్న టీమ్ కూడా కాదు, అప్పటికి 6-4.

నేను ఒక యూనివర్సిటీలో ఆటగాళ్లకి స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. బయట నుంచి చూస్తే ఓటమి ఆదివారానికి అయిపోతుంది, లోపల అలా కాదు. నవంబర్ వచ్చేసరికి నా టేబుల్ దగ్గర మాటలన్నీ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ గురించే, అదే, వేరే యూనివర్సిటీకి మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా. కోచ్ మారితే ఆటగాళ్లకి విడిగా గడువు కూడా ఇస్తారు, కాబట్టి కోచ్ పోతే సగం టీమ్ పోతుందేమోనని అధికారులకి టెన్షన్. అలాగని ఆలస్యం చేస్తే వచ్చే ఏడు టీమ్‌లో చేరడానికి డిసెంబర్‌లో సంతకాలు పెట్టాల్సిన హైస్కూల్ పిల్లలు జారిపోతారు. కొంతమందిని అక్టోబర్‌లోనే పంపించెయ్యడం చూస్తుంటాం, అది ఇందుకే. ఒక లైన్‌మ్యాన్ మాత్రం ప్రతి సోమవారం మోకాలికి ఐస్ కట్టుకుని వచ్చి హోంవర్క్ పూర్తిచేసేవాడు. పోర్టల్ ఊసెత్తలేదు. టీమ్ గురించి నేనూ అడగలేదు.

లెక్కల_పిచ్చి:
పోర్టల్ ఇప్పుడు రెండు వైపులా కోస్తుంది. ఫ్లోరిడా స్టేట్ 2023లో 13-1, మరుసటి ఏడే 2-10. ఇండియానా 2023లో 3-9, కొత్త కోచ్ తన పాత యూనివర్సిటీ ఆటగాళ్లని కొందరిని వెంటబెట్టుకుని రాగానే 2024లో 11-2, ఏకంగా ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కే వెళ్లింది. నార్త్‌వెస్టర్న్ లాగా పదమూడేళ్లు ఆగాల్సిన పని లేదిప్పుడు.

సరస్సు_గట్టు:
నిజమే, కానీ అలా గెలిచే టీమ్‌లో నువ్వు మూడేళ్లుగా చూసిన కుర్రాళ్లు ఎంతమంది మిగులుతారు?

కొత్త_అభిమాని:
మధ్యలో ఒక డౌట్. మావాళ్లు 5-6. ఆఖరిది ఓడితే బౌల్ గేమ్ గోవిందా?

లెక్కల_పిచ్చి:
సీజన్ తర్వాత ఆడించే ఆ అదనపు మ్యాచ్‌కి మామూలుగా ఆరు గెలవాలి. ఆరు గెలిచిన టీమ్‌లు సరిపోకపోతే, చదువు స్కోర్ బాగున్న 5-7 టీమ్‌లని పిలుస్తారు. 2023లో మిన్నెసోటా అలాగే వెళ్లి, గెలిచింది కూడా. బౌల్ వస్తే డిసెంబర్‌లో ప్రాక్టీసులు దొరుకుతాయి, కుర్ర ఆటగాళ్లకి అదే అసలు లాభం. నాలుగో_డౌన్, నీకు ఆ ఆశ లేదు నాయనా, మిగిలిన రెండూ గెలిచినా 4-8.

ట్యూషన్_గది:
తమ్ముడూ, సొంత మైదానంలో ఆఖరి మ్యాచ్ అయితే అరగంట ముందే వెళ్లు. చివరి ఏడాది ఆటగాళ్లని, అంటే సీనియర్లని, అమ్మానాన్నలతో పాటు మైదానంలోకి పిలుస్తారు. మనవాళ్లంతా కిక్‌ఆఫ్‌కి వచ్చి అది మిస్సవుతారు. ఇంకో మాట, సీజన్ చేజారిన టీమ్‌లు చివర్లో కొత్త కుర్రాళ్లని దింపుతాయి. నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా వాళ్ల రెడ్‌షర్ట్ పోదు, అంటే ఆడేందుకున్న ఏళ్లలో ఈ ఏడాది లెక్కలోకి రాదు. వచ్చే ఏడు క్వార్టర్‌బ్యాక్, అంటే ఆట నడిపించే ఆటగాడు, ఎవరో అక్కడే తెలిసిపోవచ్చు.

నాలుగో_డౌన్:
ఈ శనివారం అదే అక్కా, సీనియర్ డే. వెళ్తున్నాను. తర్వాతది బయట మ్యాచ్, అది టీవీలోనే. మా రెండో క్వార్టర్‌బ్యాక్ ఫ్రెష్‌మ్యాన్ (మొదటి ఏడాది కుర్రాడు), ఇప్పటికి మూడు ఆడాడు. ఈ వారం దింపుతారంటారా?

ట్యూషన్_గది:
ఇంకొకటి మిగిలింది కాబట్టి దింపొచ్చు. ఏ వారమనేది కోచ్ ఇష్టం.

ఓపిక_లేదు:
గ్లౌజులు రెండు జతలు వేసుకో.