మూడవ అలెగ్జాండర్ వెండి పెన్నీ: అరిగిన నక్షత్రం కొనలను లెక్కించడం ఎలా?

స్కాట్లండ్ రాజు మూడవ అలెగ్జాండర్ 1280 తరువాత విడుదల చేసిన రెండవ శ్రేణి వెండి పెన్నీ ఒకటి నా వద్ద ఉన్నది. బరువు 1.32 గ్రాములు, వ్యాసం 18.5 మిల్లీమీటర్లు. ముందువైపు రాజదండంతో ఎడమకు తిరిగిన రాజు ముఖమూ, వెనుకవైపు పొడవైన శిలువ చుట్టూ ‘రెక్స్ స్కోటోరం’ (లాటిన్‌లో ‘స్కాట్‌ల రాజు’) అనే అక్షరాలూ స్పష్టంగానే కనబడుతున్నాయి.

ఈ శ్రేణిలో టంకశాల పేరు ముద్రించలేదు కనుక, శిలువ నాలుగు మూలల్లోని నక్షత్రాల కొనల మొత్తాన్ని బట్టి టంకశాలను ఊహిస్తారు. నా నాణెంలో మూడు నక్షత్రాలకు ఆరేసి కొనలున్నాయి. నాలుగవది మధ్యభాగం తప్ప పూర్తిగా అరిగిపోయింది. అమ్మకందారు మొత్తం కొనలు 24 అని రాశారు గాని, అది లెక్కించి రాసినట్లు నాకు తోచలేదు.

పది రెట్ల భూతద్దంతో చూశాను. చీకటిగదిలో ఒక పక్క నుంచి దీపం వేసి, నాణేన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఫోటోలు తీశాను. ఒక కోణంలో ఐదు కొనలు, మరొక కోణంలో ఆరు ఉన్నట్లు కనిపిస్తున్నాయి. రసాయనాలతో శుభ్రం చేయడం, నల్లని పూతను తొలగించడం నాకు ఇష్టం లేదు.

నాణేనికి ఏ హానీ కలగకుండా ఆ నాలుగవ నక్షత్రం కొనల సంఖ్యను నమ్మకంగా తేల్చే పద్ధతి ఏది?